గంధరాజానికి బోరు నీళ్లు పడవు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైతే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ రోడ్ల పక్కన కడియం వైపు నుంచి వచ్చిన గంధరాజం మొక్కలు నిగనిగలాడుతూ అమ్మకానికి కనిపిస్తాయి. ఇంటికి తెచ్చిన కొన్ని నెలలకే లేతాకు పసుపెక్కుతుంది, మొగ్గ విచ్చకుండానే రాలుతుంది. ఎరువు చాలలేదనుకుని జనం యూరియా గుప్పిస్తున్నారు. లోపం ఎరువుది కాదు, నీళ్లది.

గంధరాజం పుల్లటి నేల కోరే మొక్క. నేల పులుపును కొలిచే ఉదజని సూచిక (pH) 5 నుంచి 6.5 మధ్య ఉండాలి. మన దగ్గర చాలా బోర్లలో ఫ్లోరైడ్‌తో పాటు బైకార్బనేట్లూ ఎక్కువే. రోజూ అవే పోస్తుంటే మట్టి క్షారమెక్కి, అందులో ఇనుమున్నా వేరుకు అందదు. కొసన లేతాకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుప లోపమే. అడుగున ముదురాకు ఒకటీ అరా పండి రాలితే కంగారు పడక్కర్లేదు.

ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లు వృథా ఎందుకని చాలా ఇళ్లలో కుండీలకు పోస్తున్నారు. దయచేసి గంధరాజానికి పోయకండి, బోరు నీళ్లలోని ఉప్పులన్నీ అందులో ఇంకా చిక్కబడి ఉంటాయి. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి. ఎండాకాలం ఏసీ పైపు నుంచి కారే నీళ్లూ పనికొస్తాయి.

పసుపు తిరిగిన మొక్కకు మందు మన వేరుశనగ రైతులకు తెలిసిందే. లీటరు నీళ్లలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, సాయంత్రం పూట ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టాలి. వారానికోసారి, మూడు సార్లు. కలిపింది అప్పటికప్పుడే వాడాలి, నిలవుంటే తుప్పు రంగు తిరిగి పని చేయదు.

నల్లరేగడిలో నాటే కన్నా 14 అంగుళాల కుండీ మేలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఆకుల ఎరువు రెండు, కడిగిన కొబ్బరి పొట్టు ఒకటి. బూడిద, గుడ్డు పెంకులు వద్దే వద్దు. కొత్తగా ప్లాస్టరు చేసిన గోడ పక్కన నాటినా, అక్కడి నుంచి దిగే సున్నం మొక్కను ఎదగనివ్వదు.

మార్చి నుంచి పొద్దుటి ఎండ చాలు, పదకొండు దాటితే నీడ పట్టాలి. వడగాలి తగిలినా, మట్టి ఒక్కసారి ఎండినా, మొగ్గ తొడిగాక కుండీ చోటు మార్చినా మొగ్గలు రాలతాయి. కత్తిరింపు పూత అయిపోగానే చేయాలి. దసరా దాటాక కొమ్మలు కోస్తే వచ్చే వేసవి పూలు పోయినట్టే.

మొక్క చేతికిచ్చేటప్పుడే ఈ నీళ్ల సంగతి కొనేవారికి చెప్పమని నర్సరీల వారిని కోరుతున్నాం.

— మొక్కల పెంపకందారులు, నల్లగొండ