చిత్రకారులు మన బడికి వచ్చిన శనివారం

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల తరువాత వచ్చిన మొదటి శనివారం తిరుపతి, శ్రీకాళహస్తి, పరిసర ఊళ్ల చిత్రకారులూ ఫోటోగ్రాఫర్లూ తమ పనిని మన బడి ఆవరణలోకి తెచ్చి అందరి ముందు పరిచారు. మీలో చాలామంది వచ్చారు. దుకాణం మూసి రాలేకపోయినవారు, ఆ రోజు తిరుమల కొండ మీద డ్యూటీలో ఉన్నవారు పిల్లల నోట ముక్కలు ముక్కలుగా విని ఉంటారు. అందుకే ఈ నెల ఉత్తరం దాని గురించే రాస్తున్నాను. పరీక్షల పట్టిక, బస్సు వేళల మార్పు చివరి పేజీలో ఉన్నాయి.

వచ్చినవారిని మేము ఒక్కటే కోరాం. చట్రం కట్టిన బొమ్మలతో పాటు సగంలో ఆగిపోయినవీ, చెడిపోయినవీ కూడా తీసుకురమ్మన్నాం. మన పిల్లలకు బొమ్మల కరువేమీ లేదు. ఫోనులో రోజూ వందల బొమ్మలు వాళ్ల వేళ్ల కింద జారిపోతూనే ఉన్నాయి. కానీ బొమ్మ తయారయ్యేటప్పుడు మనిషి ఎక్కడ ఆగుతాడో, ఏది చెరిపేస్తాడో, గీత గీయకముందు ఎంతసేపు కన్ను తిప్పకుండా చూస్తాడో వాళ్లకు చూపించేవారు లేరు. ఆ చూపు అలవడితే లెక్కల్లోనూ సైన్సులోనూ పిల్లల శ్రద్ధ వేరుగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

అందరికంటే పెద్ద గుంపు శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ కళాకారిణి చుట్టూ చేరింది. ఆమె ఒకే బొమ్మను వేర్వేరు దశల్లో ఆపిన గుడ్డలను వరుసగా తీగ మీద ఆరేశారు. మొదటి గుడ్డ మీద బొమ్మే లేదు. కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఎండబెట్టిన నూలు గుడ్డ అది. పాలలో కొవ్వు ఉండబట్టి గీత పక్కకు పాకదు. రెండో దాని మీద కాల్చిన చింతపుల్లతో గీసిన లేత గీతలున్నాయి. ఆ తరువాతే కలం పని. చెక్కిన వెదురు పుల్లకు మొన పైభాగాన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని సిరాను పీల్చుకుంటుంది, వేలితో ఎంత నొక్కితే అంత సిరా మొనకు దిగుతుంది. పిల్లలు ఒక్కొక్కరూ గీసి చూశారు. గట్టిగా నొక్కినవాళ్ల గుడ్డ మీద మరకలు పడ్డాయి. ఆమె ఆ మరకలనే ఆకులుగా, చిలకలుగా దిద్ది ఇచ్చారు.

నల్ల సిరా గిన్నె దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు కదలలేదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చే నీరు అది. గిన్నెలో చూస్తే గోధుమ రంగులో పలచగా ఉంది, గుడ్డకు తగలగానే నల్లబడింది. ఎందుకని అడిగారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపు పుట్టిస్తుందని మా సైన్సు ఉపాధ్యాయిని అక్కడే వివరించారు. ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లతో దిద్దుతారు. అప్పుడు కంటికి దాదాపు ఏమీ కనిపించదు. ఆ గుడ్డను మంజిష్ఠ వంటి మొక్కల వేళ్లు వేసిన నీళ్లలో ఉడికిస్తే పటిక తగిలిన మేరకే ఎరుపు పట్టుకుని నిలుస్తుంది, మిగిలిన చోట ఉతుకుళ్లతో పోతుంది. బడి వంటగది వెనుక పొయ్యి వెలిగించి ఇదంతా చేసి చూపించారు. ఆ మధ్యాహ్నం భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదని వంటమ్మ మా మీద కోప్పడింది కూడా.

ఈ కళ మనకు గంట ప్రయాణం దూరంలో ఉంది. ఒక దశలో ఇది కనుమరుగయ్యే స్థితికి వస్తే చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మీరు చీరో దుపట్టానో కొనేటప్పుడు ఒక్క విషయం గమనించండి. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో వేసేది, అదీ గొప్ప పనే. కానీ బజారులో కలంకారీ పేరుతో అమ్మే గుడ్డల్లో చాలావరకు యంత్రం మీద అచ్చు వేసినవి. చేత్తో గీసిన గీత ఒక చోట సన్నగా, ఒక చోట లావుగా నడుస్తుంది, ఒకే పువ్వు రెండుసార్లు అచ్చంగా ఒకేలా రాదు. రోజుల తరబడి కూర్చుని గీసిన పనిని అచ్చు గుడ్డ ధరకు ఇమ్మని బేరమాడవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆ రోజు అలాంటి బేరం ఒకటి పిల్లల ఎదుటే జరిగింది, నా మనసుకు కష్టమైంది.

ఫ్లెక్సీలు రాకముందు దుకాణాలకు బోర్డులు, సినిమా హాళ్లకు బ్యానర్లు రాసిన పెద్దాయన ఒకరు ఏడో తరగతికి లెక్కల పాఠమే చెప్పారనాలి. చిన్న ఫోటో మీద అర సెంటీమీటరు గళ్లు గీశారు, గోడ మీద 10 సెంటీమీటర్ల గళ్లు గీశారు. దారానికి సుద్దపొడి రాసి, రెండు కొసలా పట్టుకుని లాగి వదిలితే తిన్నటి గీత పడుతుంది. పొడవూ వెడల్పూ 20 రెట్లు పెరిగితే రంగు ఎన్ని రెట్లు కావాలని ఆయన అడిగితే ముందు అందరూ 20 అన్నారు. 400 అని చివరికి ఒక అమ్మాయి లెక్కగట్టి చెప్పింది. ఆయన చేతిరాత చూశాక తలకట్లనూ కొమ్ములనూ శ్రద్ధగా పెట్టే పిల్లలు పెరిగారని తెలుగు మాస్టారు సంతోషంగా ఉన్నారు.

ఇక ఫోటోగ్రాఫర్ల విషయం. పై అంతస్తులో ఉత్తరపు కిటికీ ఉన్న గదిని నల్ల కాగితంతో మూసి చిన్న రంధ్రం మాత్రం వదిలారు. లోపలికి వెళ్లిన పిల్లలకు మొదట చీకటి తప్ప ఏమీ తెలియలేదు. కళ్లు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. అప్పుడు ఎదుటి గోడ మీద శేషాచలం కొండ తలకిందులుగా తేలింది. కింద ఆకాశం, పైన వీధి, వీధిలో తలకిందులుగా పోతున్న ఆటోలు. కెమెరా మొత్తం ఆ గదిలోనే ఉంది, కటకం కూడా లేదు. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందన్న వాక్యాన్ని పుస్తకంలో బట్టీ పట్టిన పిల్లలు దాన్ని గోడ మీద చూశారు.

పెళ్లిళ్లకు ఫోటోలు తీసి జీవించే ఒకాయన సెలవు దొరికితే పక్షుల ఫోటోల కోసం పులికాట్ సరస్సుకో నేలపట్టు పక్షుల కేంద్రానికో వెళతారు. 2022లో జిల్లాలు మారినప్పటి నుంచి నేలపట్టూ, పులికాట్‌లో చాలా భాగమూ మన తిరుపతి జిల్లాలో ఉన్నాయి. మన జిల్లాకు సముద్రతీరం ఉందని చాలామంది పిల్లలకు అప్పుడే తెలిసింది. నేలపట్టు చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. దగ్గరి ఫోటో కోసం మనం ముందుకు పోతే తల్లి పక్షి లేచిపోతుంది, ఆ కాసేపట్లో గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి, పక్షి పిల్లలు ఎండకు తాళలేవు. అందుకే దూరం నుంచి తీసిన, పక్షి చిన్నగా కనిపించే ఫోటోలనే ఆయన గర్వంగా చూపించారు.

గంగమ్మ జాతర ఫోటోలు తెచ్చిన యువతి కూడా ఇదే మాట మరో రకంగా చెప్పారు. బైరాగి వేషానికి నామంకొమ్ము (తెల్లమట్టి), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మన ఊరి మనుషులు ఏటా ఒంటి నిండా పూసుకునే ఆ రంగులను వరుసగా చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. వేషం వేసినవారు మొక్కు తీర్చుకుంటున్నారు కాబట్టి వాళ్లను అడిగి, వాళ్లు తలూపాకే కెమెరా ఎత్తుతానని ఆమె అన్నారు.

ఈ సందర్భంలో ఇంకో విన్నపం. ఆ రోజు తీసిన ఫోటోల్లో ఇతరుల పిల్లలు ఉంటే, వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా వాట్సాప్ గుంపుల్లో పెట్టకండి. ఇప్పటికే పెట్టినవారు దయచేసి తీసివేయండి. బడి తరఫున కూడా మీ సంతకం లేకుండా మీ బిడ్డ ముఖం ఎక్కడా ప్రచురించం.

పదో తరగతి పిల్లలకు మార్చిలో పబ్లిక్ పరీక్షలుండగా ఒక శనివారం ఎందుకు పోగొట్టారని కొందరు అడిగారు. ఆందోళన నాకు తెలుసు. వాళ్లు ఉదయం రెండు గంటలు మాత్రమే ప్రదర్శనలో ఉన్నారు, తరువాత పునశ్చరణ తరగతులు యథావిధిగా జరిగాయి. ఆ రెండు గంటలు వాళ్లకు దక్కాల్సినవే. వచ్చే ఏడాదీ పిలుస్తాను.

ఇంట్లో మీరు చేయగలిగింది పెద్దదేమీ కాదు. ఫోనులో బొమ్మ చూసి దించమనకండి. పెరట్లో కరివేపాకు కొమ్మో, అవ్వ చేతులో, వాకిట్లో చెప్పులో ఎదురుగా పెట్టుకుని గీయమనండి. సరిగా రాలేదని మీరు దిద్దకండి.

ఫిబ్రవరి చివరి శనివారం 6, 7, 8 తరగతుల పిల్లలను బొమ్మలు గీయడానికి చంద్రగిరి కోటకు తీసుకువెళుతున్నాం. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదు, రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. దాని కమానులను గీయడానికి ఉదయపు ఏటవాలు వెలుతురు బాగుంటుందని మనకు సలహా వచ్చింది, కనుక బస్సు ఏడు గంటలకే బయలుదేరుతుంది. అట్ట, పెన్సిలు, నీళ్ల సీసా, టోపీ చాలు. రంగులు వద్దు, ఫోనులు వద్దు. అనుమతి పత్రం సంతకం చేసి తరగతి ఉపాధ్యాయులకు ముందు వారమే పంపండి. బొమ్మలు వేసే తల్లిదండ్రులు, అవ్వాతాతలు ఎవరైనా మాతో రావచ్చు, బస్సులో చోటుంది.

కలంకారీ దశల గుడ్డలను ఆమె నెలాఖరు వరకు మన గ్రంథాలయంలో ఉంచడానికి ఒప్పుకున్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు తలుపు తెరిచి ఉంటుంది. పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చినప్పుడు లోపలికి వచ్చి చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు