క్రివోరివ్న్యా బామ్మకు కృతజ్ఞతలు

2019 డిసెంబర్. ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్స్క్ నగరంలో మెడిసిన్ చదువుతున్నాను. కార్పాతియన్ కొండల్లోని క్రివోరివ్న్యా అనే ఊరు చూడటానికి వెళ్ళి మంచులో జారిపడ్డాను. కాలు వాచింది, చివరి బస్సు వెళ్ళిపోయింది. టెన్షన్‌తో రోడ్డు పక్కన కూర్చుంటే, అటుగా వచ్చిన ఒక బామ్మ ఏమీ అడక్కుండా నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

ఇంట్లో నా తడి సాక్స్ తనే విప్పింది. తను అల్లిన ఉన్ని సాక్స్ పొయ్యి దగ్గర వెచ్చబెట్టి, నొప్పి తెలియకుండా మెల్లగా తొడిగింది. ఆ వెచ్చదనం ఇప్పటికీ పాదాలకు గుర్తుంది.

తర్వాత బానోష్ పెట్టింది. పుల్లటి మీగడలో ఉడికిన మొక్కజొన్న పిండి, పైన గొర్రెపాల చీజ్. నేను తింటుంటే కబుర్లు చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ ఆస్ట్రియా పాలనలో, అమ్మ పోలండ్ కింద, తను సోవియట్ కాలంలో, మనవడు స్వతంత్ర ఉక్రెయిన్‌లో పుట్టారట. అందరూ ఆ చెరెమోష్ ఏటి ఒడ్డునే! కవి ఇవాన్ ఫ్రాంకో వేసవుల్లో వచ్చి ఉండే ఊరని ఎంత గర్వంగా చెప్పిందో.

పొద్దున్నే బస్సు ఎక్కించింది. డబ్బులివ్వబోతే నా గుప్పిట మూసేసి, పైన ముద్దు పెట్టింది.

ఆ సాక్స్ నా దగ్గరే ఉన్నాయి. ద్యాకుయు (ఉక్రెయిన్ భాషలో ధన్యవాదాలు), బామ్మా. మీరు చల్లగా ఉండాలి.