యారాడ కొండ దారిలో మా నాన్నను కాపాడిన అక్కకు

శనివారం మధ్యాహ్నం యారాడ ఘాట్ రోడ్డు మీద మాకోసం స్కూటీ ఆపిన అక్కా, మీ పేరు ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ధన్యవాదాలు చెప్పకుండా మాత్రం ఉండలేను.

విశాఖపట్నం చూడాలన్నది నాన్న చాలా ఏళ్ల కోరిక. మొదటి రోజు సింహాచలం వెళ్లాం. అప్పన్న స్వామి నిజరూపం అక్షయ తృతీయ రోజున తప్ప కనిపించదని తెలిసినా, ఆ చందనం పూత ముందు నాన్న చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డారు. సాయంత్రం కైలాసగిరి. రెండో రోజు యారాడ బీచ్. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. కొండ మలుపు తిరగ్గానే కింద నీలంగా కనిపించేసరికి పిల్లలు అరిచిన అరుపులు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

దిగుతుండగా కారు బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వచ్చింది. డ్రైవర్ పక్కకు తీసి ఆపేశాడు, అది మంచి పనే. కానీ బండి పంపినవాళ్లు మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఎండలో గంటన్నర గడిచింది. నాన్న పొద్దున్నే ఇన్సులిన్ తీసుకుని రెండు ఇడ్లీలే తిన్నారు. బీచ్ దగ్గర భోంచేద్దాం అనుకున్నాం. ఉన్నట్టుండి చొక్కా తడిసిపోయేలా చెమటలు, చేతులు వణుకు. నన్ను చూసి చిన్నాన్న పేరు పెట్టి పిలిచారు. గుండెపోటేమోనని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకు టెన్షన్‌తో నంబరు నొక్కడం కూడా చేతకాలేదు.

అప్పుడు వచ్చారు మీరు. "ఏటమ్మా, పెద్దాయనకి ఏటయింది?" అన్నారు. వెంటనే, "షుగరుందా ఈయనకి? అన్నం తిన్నారా?" అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆశా కార్యకర్తగా ఇలాంటివి చూశానని తర్వాత చెప్పారు. నాన్న మింగగలరో లేదో ముందు చూశారు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని మాకు చెప్పారు. స్కూటీ మీద తీసుకెళ్తున్న ఇంటి సరుకుల్లోంచి పంచదార పొట్లం విప్పి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించారు. గడియారం చూసి పదిహేను నిమిషాలు ఆగారు. వణుకు పూర్తిగా తగ్గలేదని మళ్లీ ఇచ్చారు. కాసేపటికి నాన్న నన్ను నా పేరుతో పిలిచారు.

అంతటితో వదిలేసి ఉంటే కూడా జన్మంతా గుర్తుపెట్టుకునేవాళ్లం. మీరు మీ తమ్ముడికి ఫోన్ చేసి ఆటో తెప్పించారు. పంచదార ఒక్కటే చాలదు, ఒంట్లో షుగరు మళ్లీ పడిపోతుందని మీ ఇంట్లో అన్నం పెట్టారు. చేపల పులుసు కారంగా ఉంటుందేమోనని పెరుగు వేశారు. మా చిన్నాడికి నిద్రొస్తే మీ అమ్మగారు చాప పరిచారు. ఆ తమ్ముడే కొండ ఎక్కించి ఊళ్లో ఆసుపత్రి దాకా తీసుకొచ్చాడు. డబ్బులు జేబులో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాడు. పరీక్ష చేసిన డాక్టరుగారు, పంచదార వెంటనే ఇవ్వడం వల్లే ఇంతటితో పోయిందన్నారు.

అక్కా, మర్నాడు సంగతి మీకు చెప్పాలి. కడుపునిండా తిన్నాకే నాన్నను బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర చూడ్డానికి తీసుకెళ్లాం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది. 1971 యుద్ధం రోజుల్లో రేడియో పక్కనే కూర్చుని వార్తలు విన్న మనిషి మా నాన్న. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇరుకు ద్వారాలు. నౌకాదళంలో చేసి రిటైరైన గైడ్‌గారు ప్రతి ద్వారం దగ్గరా నాన్న మోచెయ్యి పట్టుకుని దాటించారు, ఆయనకీ మా దండాలు. బయటికొచ్చాక నాన్న సముద్రం వైపు చూస్తూ, "ఆ అమ్మాయి ఆగకపోతే ఇది చూసేవాణ్ణి కాదు" అన్నారు.

ఇప్పుడు నాన్న జేబులో, నా బ్యాగులో, కారులో గ్లూకోజ్ పొట్లాలు ఉంటున్నాయి. మీరు చెప్పినట్టే.

సంక్రాంతికి మళ్లీ వస్తున్నాం. అమ్మ మీకోసం చీర తీసి పెట్టింది. వద్దనకండి అక్కా.