‘గల్లంతు’ అని రాయకండి

సంపాదకుడు గారికి,

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పసిఫిక్ సముద్రంలో జరిగిన పోరులో గల్లంతైన అమెరికన్ మెరీన్ (సముద్రం మీంచి దిగి పోరాడే దళం సైనికుడు) అవశేషాలు ఇన్నేళ్లకు దొరికాయంటూ మన పేపర్లలో అప్పుడప్పుడూ నాలుగు లైన్ల వార్త వస్తుంటుంది. వార్త వెయ్యడం మంచిదే, నా గొడవంతా ఆ ‘గల్లంతు’ అనే మాటతోనే. వరదలో కొట్టుకుపోయినవాణ్ని, పడవ బోల్తాపడి ఎటు పోయాడో తెలియనివాణ్ని గల్లంతయ్యాడంటాం. పసిఫిక్‌లోని తరావా అనే పగడపు దీవుల్లో చనిపోయిన కుర్రాళ్లలో చాలామంది అలా పోలేదండీ. తోటి సైనికులే గొయ్యి తీసి పూడ్చారు, గుర్తు కూడా పెట్టారు.

1943 నవంబర్ 20 ఉదయం రెండో మెరీన్ డివిజన్ దిగింది తరావాలోని ఒక చిన్న దీవి మీద. స్పెల్లింగ్ చూసి మనం బెటియో అంటాం గానీ అక్కడివాళ్ల నోట అది బేసియో. పొడవు మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ, వెడల్పు ఎక్కడా కిలోమీటరు కూడా ఉండదు. ఆ రోజు సముద్రం పోటు సరిగ్గా రాలేదు, పడవలు పగడపు దిబ్బ మీదే ఆగిపోయాయి, దాంతో మొదటి దఫాల తర్వాత వచ్చినవాళ్లు తుపాకులు పైకెత్తుకుని ఛాతీలోతు నీళ్లలో, ఎదురుగా జపాన్ వాళ్ల మెషిన్ గన్లు పేలుతుంటే, దాదాపు అర కిలోమీటరు నడవాల్సి వచ్చింది. (ఆ దీవుల్లో ఏళ్లపాటు ఉన్న ఒకాయన నీళ్లు చాలవని ముందే హెచ్చరించాడు, వినలేదు.) 76 గంటల్లో వెయ్యిమంది దాకా మెరీన్లు పోయారు. భూమధ్యరేఖ దగ్గరి ఎండ, శవాలు ఆగవు. పొంచోల్లో (సైనికుల వాన దుప్పట్లలో) చుట్టి, కందకాలు తవ్వి, వరసగా పడుకోబెట్టి పూడ్చేశారు.

అసలు తప్పిపోవడం ఆ తర్వాత మొదలైంది. దీవి మీద రన్‌వే పెద్దది కావాలి, గోడౌన్లు కావాలి, రోడ్లు కావాలి. నౌకాదళం నిర్మాణ సిబ్బంది సమాధుల గుర్తులు తీసి, చూడ్డానికి బాగుండేలా తెల్ల శిలువలు వరసగా నాటారు, కానీ వాటిలో చాలావాటి కింద మనుషులు లేరు! 1946లో సైన్యం సమాధుల విభాగం వచ్చి తవ్వితే సగం మందే దొరికారు. 1949కి మిగతావాళ్లు ఇక దొరకరని ఫైలు మూసేశారు. కొడుకు ఫలానా చోట సమాధి అయ్యాడని నమ్మి ఆరేళ్లు ఎదురుచూసిన ఇంటికి ఆ కబురు వెళ్తే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

2015లో హిస్టరీ ఫ్లైట్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడే తవ్వితే ఒకే కందకంలో ముప్పైమందికి పైగా బయటపడ్డారు, పూడ్చిన వరసలోనే ఉన్నారు. వాళ్లలో అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ హానర్ పొందిన లెఫ్టినెంట్ అలెగ్జాండర్ బానీమన్ కూడా ఉన్నాడు, పళ్లలోని బంగారం చూసి ఆయన్ని పోల్చుకున్నారు. ఇక 1946లో దొరికినా పేరు తేలనివాళ్లను హోనొలులులోని పంచ్‌బౌల్ సైనిక స్మశానంలో ‘అజ్ఞాత’ అని రాసి పెట్టారు. వాళ్లను 2016 నుంచి మళ్లీ తీసి పరీక్షిస్తున్నారు. పళ్ల రికార్డులు, అప్పట్లో తీసిన ఛాతీ ఎక్స్‌రేలో మెడ కింద ఉండే కాలర్ ఎముక ఆకారం, డీఎన్‌ఏ, ఇవే ఆధారాలు. అందులోనూ ఎక్కువగా వాడే రకం డీఎన్‌ఏ తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి, చనిపోయినవాడి అన్నదమ్ముల పిల్లలు దీనికి పనికిరారు, అక్కచెల్లెళ్ల పిల్లలు కావాలి.

నీళ్లలోనే పోయి ఒడ్డుకు చేరనివాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి రాసినప్పుడు గల్లంతు అనండి, నాకు అభ్యంతరం లేదు. కందకంలో దొరికినవాడికి మాత్రం ఆ మాట వద్దు. రెండో ప్రపంచ యుద్ధానికి సంబంధించి ఇంకా 70 వేలకు పైగా అమెరికన్ సైనికులను వాళ్ల ప్రభుత్వమే ‘లెక్క తేలనివాళ్లు’ అన్న అర్థంలో చెబుతుంది, ఆ మాట తెలుగులోనూ బాగానే ఉంటుంది కదా. ఇంకొక్కటి: ప్రతి వార్తలోనూ కుర్రాడి వయసు వేస్తారు, ఏ గోతిలో దొరికాడో, అంతకుముందు ఏ రికార్డులో ఏమని రాశారో మాత్రం వెయ్యరు. ఈసారి ఆ రెండు లైన్లు కూడా వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు