మా సంఘాన్ని నిలబెట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మా చిన్న ప్రార్థన మందిరం కూడా మునిగింది. బురద ఎత్తిపోసి, వైరింగ్ మార్పించి, రంగులు వేయించి మళ్లీ అక్కడే ఆరాధన మొదలుపెట్టుకున్నాం. సంఘ కార్యదర్శిగా అందరి తరఫునా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా మా యూత్ పిల్లలు. ఆ రోజు కరెంటు లేక ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, సంఘస్థుల లిస్టు ముందేసుకుని ఎవరు పలికారు, ఎవరు పలకలేదు అని టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నారు. పలకనివాళ్ల ఇళ్లకు మర్నాడు పడవవాళ్లను బతిమాలి వెళ్లారు. మంచం దిగలేని ఒక మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీతో సహా భుజాలకెత్తుకుని తెచ్చి పడవ ఎక్కించారు. సంఘం బాగుందా అని ఎవరైనా అడిగితే హాజరు, కానుకలు చూసి చెప్పడం మనకు అలవాటు. ఇప్పుడు నన్నడిగితే ఆ టిక్కుల కాగితం చూపిస్తాను. ఒక అవయవము శ్రమపడునప్పుడు అవయవములన్నియు దానితోకూడ శ్రమపడునని పౌలు కొరింథు సంఘానికి రాసింది ఇదే కదా!

మావాళ్లకు మేడ మీద చోటిచ్చిన ఎదురింటి హిందూ కుటుంబానికి, తన పర భేదం చూడకుండా వీధంతా అన్నం పొట్లాలు పంచిన ముస్లిం సోదరులకు, బియ్యం మూటలతో వచ్చిన గుంటూరు జిల్లా పల్లె సంఘాలవారికి మా వందనాలు. ఆ పల్లెల నుంచి వచ్చినవారిలో చాలామంది కూలి పనులు చేసుకునే అక్కచెల్లెళ్లు. కూలి మానుకుని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని మా నేల కడిగారు.

బాప్తిస్మాల రిజిస్టరు నాని ముద్దయింది. ఇక పనికిరాదన్నారు. మా సంఘంలోని ఒక టీచరమ్మగారు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఆకు ఆకు విడదీసి, మధ్యమధ్య పేపరు ముక్కలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టారు. సిరా అలుక్కుపోయింది గానీ పేర్లు తెలుస్తున్నాయి. అమ్మా, మీకు ఎంత చెప్పినా తక్కువే.

మొదటి ఆరాధనలో 136వ కీర్తన చదువుకున్నాం. 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" అనే పల్లవే. ఎర్ర సముద్రాన్ని పాయలు చేయడం, రాజులను హతం చేయడం అన్నీ చెప్పి, ముగింపుకొచ్చేసరికి సమస్త జీవులకును ఆహారమిచ్చువాడు అంటుంది. పాల ప్యాకెట్టు కోసం చెయ్యి చాచి నిలబడ్డ మాకు ఆ వచనం దగ్గర గొంతు పెగల్లేదు. ఆ కృప మీ చేతుల మీదుగానే మా దాకా వచ్చింది.

వచ్చే ఆదివారం కృతజ్ఞతారాధన, ఆ తర్వాత ప్రేమ విందు. సాయం చేసిన ప్రతి ఒక్కరూ, ఏ మతంవారైనా సరే, పిల్లాపాపలతో రండి. ఆ రోజు వడ్డించే పని మాది.