సీతాఫలాల బుట్ట

చి.ల.సౌ. పద్మకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఉన్నట్టే ఉంది. తగ్గిందని నీకు చెబుతుంది, నమ్మకు. బావి పక్క కొబ్బరిచెట్టుకి మళ్ళీ ఎర్రముక్కు పురుగు పట్టింది. నువ్వు ఫోన్ చేసి పంతొమ్మిది రోజులైంది. పనిగట్టుకుని లెక్కపెట్టలేదులే, కేలెండర్లో పాల లెక్క రాస్తుంటే కనబడింది. అన్నం తిన్నావా అని మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపావు. తిన్నట్టా, తిననట్టా?

అవినీతి నిరోధక శాఖలో నలుగురు ఇన్‌స్పెక్టర్లు రాసినవన్నీ నువ్వే చూడాలి కాబట్టి తీరిక ఉండదని నాకూ తెలుసు. సుబ్బులు కూతురి పెళ్ళికి అందుకే రాలేదని అందరికీ చెప్పాను. గుత్తివంకాయ బాగుంది, పెరుగు పులిసింది. భోజనాల దగ్గర రమణ బాబాయి వియ్యంకుడు పక్కన కూర్చుని, "ఆ ఫైలు మీ అమ్మాయి టేబుల్ మీదే ఆగిందటగా" అన్నాడు. ఏ ఫైలో నాకు తెలియదు, అడగను, నువ్వూ చెప్పకు. కేసు నడపడానికి అనుమతి ఇవ్వాల్సింది ఆ ఉద్యోగిని తీసేసే అధికారం ఉన్నవాళ్ళు, అవినీతి నిరోధక చట్టంలో దాన్ని సెక్షన్ 19 అంటారు, మూడు నెలల్లో తేల్చాలని 2018 సవరణలో పెట్టారు, అవసరమైతే ఇంకో నెల పొడిగించుకోవచ్చు, అది వాళ్ళ చేతిలో ఉంటే మా అమ్మాయేం చేస్తుంది అని గట్టిగానే చెప్పాను. పాయసం వడ్డించే కుర్రాడు కూడా ఆగి విన్నాడు. మీ అమ్మ నా కాలు తొక్కింది.

సరే, అది వదిలెయ్. అల్లుడుగారి దగ్గు తగ్గిందా? ఏసీ తగ్గించుకోమను.

1994లో లంచం అడిగిన ఒక ఉద్యోగిని పట్టుకునే ట్రాప్‌కి నేను మధ్యవర్తిగా, అంటే సాక్షిగా, వెళ్ళిన సంగతి నీకు తెలుసు. అప్పుడు నీకు ఆరేళ్ళు. గులాబీ నీళ్ళ కథ చెప్పమని ప్రాణం తీసేదానివి. నీకు చెప్పింది సగమే. మా ఆఫీసు నుంచి ఇద్దరు గుమాస్తాలు కావాలంటే నన్నూ, రాజారావునీ పంపారు. గెస్ట్‌హౌస్ గదిలో ఒక కానిస్టేబులు అయిదు వంద నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాసి ఫిర్యాదు చేసిన మేస్త్రీ చొక్కా జేబులో పెట్టాడు. ఆ వేళ్ళే సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచి, రంగు ఎలా వస్తుందో మాకు చూపించాడు. ఆ ఉద్యోగి అడిగితేనే ఇవ్వాలి, అడక్కుండా నోట్లు తాకకూడదు, ఇచ్చాక బయటికొచ్చి గుర్తుగా తువ్వాలుతో ముఖం తుడుచుకోవాలి అని మేస్త్రీకి మూడుసార్లు చెప్పారు. నన్ను మేస్త్రీ వెంట వెళ్ళి, ఆ మాటలు వినమన్నారు.

తర్వాతది నీకు తెలిసిందే. అందరూ లోపలికొచ్చారు. ఆయన కుడిచెయ్యి గ్లాసులో ముంచగానే నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. సీసాలో పోసి, లక్క సీలు వేసి, చీటీ మీద నాతో సంతకం పెట్టించారు. టేబుల్ మీద కేరేజీ మూత తీసి ఉంది. పెరుగన్నం, అందులో దానిమ్మ గింజలు. అన్నం కలుపుకునే చెయ్యి కదా అది. ఆయన గ్లాసు వైపు చూడలేదు, కేరేజీ వైపే చూశాడు.

నీకు చెప్పనిది ఏంటంటే, మేస్త్రీ టేబుల్ దగ్గరికి వెళ్తున్నప్పుడు నేను వెనకే వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. కిటికీ దగ్గరే ఆగిపోయాను. ఆయన నావైపు చూస్తాడేమో, రేపు బజార్లో ఎదురుపడితే ఎలా అని బెదురు. నెత్తి మీద ఫ్యాను గరగరమంటోంది. పెదవులు కదలడం కనబడింది, మాట వినబడలేదు. రిపోర్టులో అదే రాయించాను.

ఆరేళ్ళకి కోర్టుకి పిలిచారు. మేస్త్రీ మాట మార్చేశాడు. ఆయన అడగలేదు, నేనే బలవంతంగా చేతిలో పెట్టాను అన్నాడు. డిఫెన్సు లాయరు నన్ను ఒక్కటే అడిగాడు: "లంచం అడగడం మీరు విన్నారా?" వినలేదన్నాను. నిజమే కదా. అడిగినట్టు రుజువు కాలేదని కేసు కొట్టేశారు. ఫిర్యాదుదారు మాట మార్చినా, చనిపోయినా, వేరే సాక్ష్యంతో అడిగినట్టు నిరూపించవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి తీర్పిచ్చింది. పేపర్లో చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ వేరే సాక్ష్యం నేనే కదమ్మా.

అందుకని ట్రాప్‌కి ముందు మీ ఇన్‌స్పెక్టర్ని అడుగు, మధ్యవర్తి ఎక్కడ నిలబడతాడని. ఇప్పుడు రికార్డర్లు ఉన్నాయి, సోదాకి వీడియో తీయాలని 2024 జూలై నుంచి కొత్త చట్టమే చెబుతోంది. అయినా మెషీను మొరాయిస్తే మనిషి చెవే దిక్కు. పాత రిపోర్టు పేరాలు కొత్తదాంట్లోకి దించేస్తే మందలించు. ఆదాయానికి మించిన ఆస్తుల కేసుల్లో నగలు తూచేటప్పుడు, ఆ ఇంటావిడ పుట్టింటివి అన్నవి విడిగా రాయించు. ఏదైనా సంతకం పెట్టేముందు కళ్ళజోడు పెట్టుకుని చదువు. కళ్ళజోడు మార్పించుకున్నావా అసలు? లెక్చరు ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను.

ఇంకొక చిన్న సంగతి. పోయిన ఆదివారం ఒకాయన వచ్చాడు, ఫలానావారి బావమరిదినని. పేరు ఇక్కడ రాయను. బుట్ట నిండా సీతాఫలాలు. "అమ్మాయిగారు మనవాళ్ళేనని తెలిసింది, ఒక మాట చెప్పండి" అని, నేను లేచేలోపు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గడ్డి తీసి అడుగంటా చూశాను, కవరూ గివరూ లేదు. నేను వీధిలోకి వెళ్ళి వచ్చేసరికి మీ అమ్మ రెండు పళ్ళు విప్పి చిట్టిగాడికి పెట్టేసింది. వాడికేం తెలుసు, గింజలు ఉమ్ముతూ ఇంకోటి అడిగాడు.

రైతుబజారుకి వెళ్ళి అలాంటివే రెండు కొన్నాను. లెక్క పద్దెనిమిదికి సరిపోయింది. ఆయన అడ్రసు కోసం నలుగురికి ఫోన్ చేస్తే చివరికి రమణ బాబాయి వియ్యంకుడి దగ్గరే దొరికింది, చూశావా. ఆటోలో రాజారావునీ తీసుకెళ్ళాను. ఈసారి ఇద్దరం గుమ్మంలో పక్కపక్కనే నిలబడ్డాం. బుట్ట అందిస్తే ఆయన ఏమన్నాడో ఇద్దరం స్పష్టంగా విన్నాం. ఇంటికొచ్చి తేదీ, టైము వేసి, ఆయన మాటలు ఆయన అన్నట్టే రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ కాగితం ఈ కవర్లోనే ఉంది. నీకు పనికొస్తుందో లేదో నువ్వే చూసుకో.

నెయ్యి డబ్బా బస్సు పార్శిల్లో వేశాను, శుక్రవారం అందుతుంది. మూత వదులుగా ఉంది, నిలబెట్టే ఉంచు. అందగానే ఫోన్ చెయ్. ఫైలు సంగతి మాట్లాడొద్దు. అన్నం తిన్నానని చెప్పు చాలు.

ఇట్లు,
మీ నాన్న