మీ పాత వాల్వులు మా షాపులోనే ఉన్నాయి

నల్లగొండ, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ వైపు ఇళ్లలో, ఫామ్‌హౌస్‌లలో స్విమ్మింగ్ పూల్ పని మాతో చేయించుకుంటున్న అందరికీ నమస్కారం. ఈ ఎండాకాలం మార్చి నుంచి జూన్ దాకా 7 ఇళ్లలో ఫిల్టర్ మీదుండే మల్టీపోర్ట్ వాల్వ్, అదే హ్యాండిల్ తిప్పి నీళ్ల దారి మార్చేది, మార్చాను. అందులో 4 మార్చాల్సినవి కావు. లోపలి రబ్బరు మారిస్తే సరిపోయేది.

వానలు పడ్డాక పని తగ్గింది. కొత్తగా చేరిన పిల్లగాడికి వాల్వ్ విప్పడం నేర్పుదామని, షాపు మూలన పడేసిన పాతవి వాడి ముందు పెట్టాను. మొదటిది విప్పి రోటర్, అంటే హ్యాండిల్‌తో పాటు లోపల తిరిగే ముక్క, పైకి తీశాడు. అక్కడుండేదే స్పైడర్ గ్యాస్కెట్. సైకిల్ చక్రానికి పుల్లలున్నట్టు ఉండే నల్ల రబ్బరు. ఒక్క పుల్ల అరిగి కాగితం మందానికి వచ్చింది, కొసన తెగి పైకి లేచింది. బాడీకి పగులు లేదు, రోటర్ వంగలేదు, స్ప్రింగ్ గట్టిగానే ఉంది. "మరి దీన్నెందుకు తీసేశాం అన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మిగతావి నేనే విప్పుకుంటూ కూర్చున్నా.

నిజం చెప్పాలంటే, మే నెలలో రోజుకు పది ఫోన్లు. వాల్వ్ మొత్తం మార్చడం గంట పని. విప్పి, పాచి గీకి, పాత గమ్ము తీసి, కొత్త గ్యాస్కెట్ కూర్చోబెట్టి, ఆరబెట్టాలంటే సగం రోజు పోతుంది. పైగా గ్యాస్కెట్‌కు వందల్లో అయితే వాల్వ్‌కు వేలల్లో, నాకు మిగిలేది కూడా అందులోనే. మోసం చేద్దామని చేయలేదు కానీ, విప్పి చూడకుండానే "వాల్వ్ పోయింది" అని చెప్పిన మాట మాత్రం వాస్తవం.

చిట్యాల దగ్గర ఒక అక్క వాళ్ల పూల్ గురించి చెప్తే మీకు విషయం అర్థమవుతుంది. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నీళ్లు రోజుకు అంగుళంన్నర దిగుతున్నాయన్నారు. ఆ సైజులో అంగుళం దిగితే దాదాపు 680 లీటర్లు పోయినట్టు. ఎండకు ఆవిరయ్యేది ఉంటుంది కానీ ఇంత ఉండదు. నేను టైల్స్ సందులన్నీ చూశాను, లైటు వెనక చూశాను, రెండు రోజులు తిరిగాను. వాళ్ల బ్యాక్‌వాష్ పైపు, అంటే ఫిల్టర్ కడిగిన మురికి నీళ్లు బయటికి పోయే వేస్ట్ పైపు, భూమిలో నుంచి పోయి బత్తాయి చెట్ల పాదుల్లో కలుస్తుంది. మే నెల ఎండలో ఆ నాలుగు చెట్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి, పాదులో కాలు పెడితే దిగబడుతోంది. అక్కడే నిలబడి చాయ్ తాగాను కూడా. తట్టలేదు!

జరిగేదేంటంటే, వాల్వ్ హ్యాండిల్ "ఫిల్టర్" అన్న గుర్తు మీద ఉన్నప్పుడు నీళ్లు ఫిల్టర్ లోపలి ఇసుకలో నుంచి దిగి పూల్‌కే తిరిగి రావాలి. గ్యాస్కెట్ ఆ దారులను ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది. అది అరిగితే మోటార్ ఒత్తిడికి కొన్ని నీళ్లు వేస్ట్ పైపులోకి జారుకుంటాయి. కొన్నిసార్లు మురికి నీళ్లే ఇసుకను తప్పించుకుని మళ్లీ పూల్‌లోకి వస్తాయి. అప్పుడు ఎంత క్లోరిన్ వేసినా నీళ్లు తేటపడవు, మనం క్లోరిన్‌ను తిట్టుకుంటాం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. పూల్ మెట్టు మీద నీళ్లు నింపిన బకెట్ పెట్టి, లోపలి మట్టం, బయటి మట్టం రెండూ గీత గీయండి. ఒక రోజంతా మోటార్ ఆపి, ఇంకో రోజు ఎప్పట్లాగే నడిపి చూడండి. బకెట్‌లో కన్నా పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకేజీ ఉన్నట్టు. మోటార్ నడిచిన రోజే బాగా తగ్గితే వేస్ట్ పైపు చివర చూడండి. ఫిల్టర్ మీద నడుస్తుండగా అక్కడ ధార ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ మీదే అనుమానం. పూల్‌లోకి ఇసుక వస్తుంటే మాత్రం అది వేరే, ఫిల్టర్ అడుగున పైపులు విరిగి ఉంటాయి.

మన బోరు నీళ్ల సంగతి మీకు తెలిసిందే. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొర లాంటిదే రోటర్‌కూ పడుతుంది, తిప్పినప్పుడల్లా రబ్బరును గీరుతుంది. దానికి తోడు మోటార్ నడుస్తుండగానే హ్యాండిల్ తిప్పడం. దయచేసి వాచ్‌మన్‌కు చెప్పండి: ముందు మోటార్ ఆపాలి, హ్యాండిల్ పూర్తిగా కిందికి నొక్కి అప్పుడే తిప్పాలి. ఒక తప్పు నాది కూడా ఉంది. నేను బోరు మోటార్ల పని నుంచి వచ్చినవాణ్ని, ఆ అలవాటుతో బేరింగ్ గ్రీజే ఇక్కడా రాసేవాణ్ని. ఆయిల్‌తో చేసిన గ్రీజుకు ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇప్పుడు సిలికాన్ గ్రీజు తప్ప ఇంకోటి షాపులో ఉంచట్లేదు.

ఇకపై మీరు చూస్తుండగా మూత విప్పాకే ఏం మార్చాలో చెప్తాను. విప్పి చూసినందుకు 500 తీసుకుంటాను, పని చేస్తే అది బిల్లులో కలిసిపోతుంది. బాడీ పగిలినా, మోటార్ నీళ్లు లేకుండా నడిచి ఆ వేడికి ప్లాస్టిక్ వంగినా వాల్వ్ మార్చక తప్పదు. పేరూ ఊరూ లేని చవక వాల్వులకు గ్యాస్కెట్ విడిగా దొరకదు. అవి కూడా కొన్ని నేనే పెట్టాను. ఇక పెట్టను. అంటే కొత్త వాల్వ్ రేటు కాస్త పెరుగుతుంది, ముందే చెప్తున్నా.

ఆ 4 ఇళ్ల వాళ్లకు మొత్తం పైసలు వాపసు ఇచ్చే స్తోమత నాకు లేదు. కూలి, నాకు మిగిలిన లాభం రెండూ తిరిగి ఇస్తున్నా. మీ పాత వాల్వ్‌కు కొత్త గ్యాస్కెట్, ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) వేసి మీకే స్పేర్‌గా ఇస్తాను. ముగ్గురితో మాట్లాడాను, ఒకరు ఫోన్ ఎత్తట్లేదు. మార్కర్‌తో ఊరి పేరు రాసి వాల్వులను కౌంటర్ పక్కనే పెట్టాను, వచ్చి చూసుకోవచ్చు.

చిట్యాల అక్కకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "సరే తమ్మీ, లీకేజీ ఆగింది బాగానే ఉంది, మరి ఆ బత్తాయి చెట్లకు ఇప్పుడు నీళ్లెవరు పెడ్తరు?" అంది.